పండుగప్ప పడని చెరువు

ప్రభుత్వం నాకు జీతమిచ్చింది చేపలు పట్టినందుకు కాదు, వదిలినందుకు. ఈ సంగతి మా అమ్మకు నేను రిటైరయ్యేదాకా మింగుడు పడలేదు. మాది నాయుడుపేట పక్కన వరి పండించుకునే కుటుంబం. "ఊళ్లో వాళ్లంతా చేపలు పట్టుకోని ఇంటికొస్తుంటే, నువ్వేందిరా, యాడాడివో తెచ్చి చెరువులో పోసేసి ఉత్త చేతుల్తో వస్తావు? దీనికి కాలేజీ చదువు కావాల్నా?" అనేది. నేను చెప్పే జవాబు ఆమెకు ఎప్పుడూ సరిపోలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిపోయేది కాదు. పొలంలో చల్లిన విత్తనం మొలిచిందో లేదో కళ్లకు కనబడుతుంది. నీళ్లలో పోసింది ఏమైందో ఎవరికి తెలుసు?

మత్స్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తుంటారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, మీ రోజుల్లో ఎట్లా ఉండేది సార్ అని అడుగుతారు. మర్యాదకే అడుగుతారని నాకు తెలుసు, అయినా వదలను. వాళ్లకు నేను చెప్పేది ఒకే ఒక చెరువు కథ. మీకూ అదే చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరింది యాభైల చివర. రాష్ట్రం కొత్తది, నా ఖాకీ నిక్కరు ఇంకా కొత్తది. చెరువుల్లో మేం ముఖ్యంగా వదిలేది బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపల పిల్లలు. దాంతోపాటు మా జిల్లాలో ఒక చిన్న ప్రయోగం నడిచేది. ఉప్పుటేట్లో దొరికే పండుగప్ప పిల్లల్ని తెచ్చి మెట్ట ప్రాంతపు చెరువుల్లో పెంచడం.

పండుగప్ప గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అది సముద్రపు చేప. గుడ్లు పెట్టేది ఉప్పునీళ్లలోనే. పిల్లలు మాత్రం పోటుతోపాటు ఏట్లోకి వస్తాయి. వాటిని మెల్లగా మంచినీళ్లకు అలవాటు చేసి చెరువులో వదిలితే బ్రహ్మాండంగా పెరుగుతాయి, కానీ అక్కడ సంతానం కలగదు. అంటే మేం ఏటా తెచ్చి పోస్తేనే చెరువులో పండుగప్ప ఉంటుంది. మానేస్తే ఉన్నవి ఉన్నన్నాళ్లు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తక్కిన కథంతా మీకు అర్థమవుతుంది.

కార్తీకంలో వానలు తెరిపి ఇవ్వగానే నేనూ మా ఫీల్డుమ్యానూ కృష్ణపట్నం పోయేవాళ్లం. ఇప్పుడు మీరు చూసే ఓడలు, క్రేన్లు, పొగగొట్టాలు అప్పుడు లేవు. బురద, మడచెట్లు, ఉప్పు కొటార్లు, కాలవలో తెరచాప పడవలు, అంతే. మా ఫీల్డుమ్యాన్ బోగోలు వైపు సముద్రం మీద బతికే కుటుంబం నుంచి వచ్చినవాడు, వయసులో నాకంటే చాలా పెద్ద. ఆఫీసులో నేను ఆయనకు సార్‌ని, ఏట్లో దిగాక ఆయన నాకు అన్న. మొదటిసారి బురదలో నడుం దాకా దిగబడినప్పుడు నా నోట్లోంచి "అన్నా!" అని అరుపొచ్చింది. అప్పట్నుంచి అట్లాగే నిలిచిపోయింది.

పోటు తగ్గి సముద్రం పాటు తీసినప్పుడు ఏటి అంచున గుంటల్లో కాసిని నీళ్లు నిలుస్తాయి. పల్లె ఆడవాళ్లు పాత చీర కొసలు పట్టుకుని ఆ గుంటల్లో దేవితే గోరంత పిల్లలు పడేవి. వాళ్లందరికీ పెద్ద ఒక అక్క ఉండేది. మొదటి ఏడే నన్ను హెచ్చరించింది.

"సారూ, పెద్దదాన్నీ చిన్నదాన్నీ ఒక కుండలో ఎయ్యబాక. ఈటికి అన్నా తమ్ముడా అనేది లేదు."

నేను తలూపాను గానీ తొందరలో అంత పట్టించుకోలేదు. కుండలు బస్సు మీద కట్టుకుని బయలుదేరాం. దారిలో బావి కనబడ్డ చోటల్లా బండి ఆపించి, కుండలోంచి కాసిని ఉప్పునీళ్లు తీసి కాసిని మంచినీళ్లు పోసుకుంటూ, ప్రయాణికులతో తిట్లు తింటూ పోయాం. చెరువు దగ్గర కుండ మూత తీసి చూస్తే పిల్లలు సగానికి సగం లేవు. ఉన్నవి మాత్రం బాగా ఒళ్లు చేశాయి. ఆఫీసుకు తిరిగొచ్చాక మా గుమాస్తా గారు "మిగతావి ఏవయ్యా?" అని అడిగారు. "వీటి కడుపులోనే ఉన్నాయండీ" అన్నాను. ఆయన చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మరుసటి ఏటి నుంచి నేను బుద్ధిగా సైజుల వారీగా కుండలు పెట్టుకున్నాను.

ఇక ఆ చెరువు. నెల్లూరు నుంచి నాయుడుపేట పోయే రోడ్డుకు పడమటగా ఉంటుంది. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

చెరువులో వల వేసే హక్కు గుత్తదారుది. గాలానికి మాత్రం గుత్త లేదు, ఊళ్లో ఎవరైనా గట్టున కూచుని వేసుకోవచ్చు. అది పాత ఆనవాయితీ. మేం పండుగప్ప పిల్లల్ని వదలకముందు ఆ ఊరి గాలం మనుషులు జెల్లలూ పక్కెలూ పట్టుకుని సంతోషంగా ఉండేవాళ్లు. పండుగప్పలు పెరిగాక వాళ్లకు సంతోషం పోయి పిచ్చి పట్టింది. అది గాలానికి పడిందంటే కోడెతో పెనుగులాటే. నీళ్లలోంచి నిలువునా పైకెగిరి తల విదిలిస్తుంది, దారం తెంపుకుని పోతుంది. నెలల తరబడి కూచుంటే ఎప్పుడో ఒకటి గట్టెక్కుతుంది. ఆ ఒక్కదాని కోసం ఊళ్లో సగంమంది పొలం పనులు పక్కనపెట్టి చెరువు గట్టున ఉండేవాళ్లు.

వాళ్లలో ముగ్గురు ముఖ్యులు. ఊరి మునసబు గారు, బడి అయ్యవారు, సైకిల్ షాపు మేస్త్రీ. మేస్త్రీ విరిగిన గొడుగు ఊచల్ని కాల్చి వంచి గాలాలు చేసేవాడు. సన్నగా, నల్లగా, మాట తక్కువ మనిషి. తన షాపులో ఎవరి సైకిల్ ఎప్పటికి బాగవుతుందనేది ఆ రోజు చెరువు మీద గాలి ఎటు వీస్తుందన్నదాని మీద ఆధారపడేది.

ఆ ఊళ్లో ఒక మర్యాద ఉంది. గట్టున ఎవరన్నా ఎదురై "ఏమన్నా పడిందా?" అంటే "ఏం పడలా" అనాలి. పడినా అదే, పడకపోయినా అదే. చేప ఎంత పెద్దదైతే మొహం అంత దిగాలుగా పెట్టాలి. తడి గోతాంలో చుట్టి, చంకన పెట్టుకుని, దొడ్డిదారిన ఇంటికి పోవాలి. ఎదురొచ్చినవాడికి ఆ గోతాం కనబడకూడదు. లోపల చేప టపటపా కొట్టుకుంటున్నా వినబడకూడదు. చెబితే దిష్టి తగులుతుందని పైకి అనేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే, ఏ రాయి పక్కన కూచుంటే పడిందో పదిమందికీ తెలిసిపోతుందని భయం.

ఇంట్లో ఆడవాళ్లూ తక్కువ తినలేదు. మామిడికాయ వేసిన పులుసు వాసన వీధి చివరిదాకా కొడుతుంటే, "ఏం చేసినావక్కా?" అని అడిగితే "ఏముందమ్మే, పప్పే" అనేవాళ్లు. పక్కింటికి గిన్నె పంపితే "ఇదిగో, పప్పు" అని పంపేవాళ్లు. వాళ్లు గిన్నె కడిగి తిరిగిస్తూ "పప్పు బాగుండింది" అనేవాళ్లు. నాకూ ఒకసారి మునసబు గారింట్లో ఆ పప్పు పెట్టారు. ముళ్లు జాగ్రత్త అని కూడా చెప్పారు.

ఇట్లా కొన్నేళ్లు గడిచాక, అరవైలు మొదలైన కొత్తలో, ఒకరోజు మా ఇన్‌స్పెక్టర్ గారు నన్ను పిలిచి, "నీ పండుగప్పల పని అయిపోయేట్టుందయ్యా" అన్నారు. గుత్తదారు పైకి వెళ్లి మొర పెట్టుకున్నాడట. తన బొచ్చె పిల్లల్ని పండుగప్ప మింగేస్తోంది, అదేమో తన వలకు పడదు, ఇంక తనకేం లాభం అని. ఆయన మాటలో న్యాయం లేదనను. పండుగప్ప రాళ్ల సందుల్లో, తుమ్మ మోళ్ల కింద నక్కి ఉంటుంది, వల అక్కడికి పోదు. అసలు ఆ చెరువులో పండుగప్ప బతికే ఉందా, ఎవరికైనా పనికొస్తోందా అని తేల్చడానికి హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. లేదని తేలితే ఈ కార్తీకానికి కుండలు కదలవు.

నేను పరుగున ఊరికి పోయి ముగ్గుర్నీ కూచోబెట్టి చెప్పాను. ఆయన మిమ్మల్ని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు అన్నాను.

"మా చేపను మేం కాపాడుకోమా సారూ?" అన్నారు మునసబు గారు. అయ్యవారు ఎట్లా మాట్లాడాలో నాకే నేర్పించారు. మేస్త్రీ మాత్రం నాతోపాటు బస్సు దాకా నడిచి వచ్చి, ఎక్కబోతుంటే అడిగాడు.

"పిల్లలు రాకపోతే ఎన్నాళ్లుంటాయి సారూ?"

"ఉన్నవి ఉన్నన్నాళ్లే."

బస్సు కదిలాక చూస్తే అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. అధికారి గారు గోదావరి వైపు మనిషి. పొడుగ్గా, కళ్లద్దాలతో, ప్రతి మాటకూ అండీ చేర్చి మెల్లగా మాట్లాడేవారు. ముందు గుత్తదారు మనుషులు వల లాగారు. వల నిండా బొచ్చెలు. పండుగప్ప ఒక్కటి కూడా లేదు. గుత్తదారు చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా నిలబడ్డాడు. అనాల్సిన అవసరం లేకపోయింది.

"వలకు పడవు సార్, గాలానికి పడతాయి. వీళ్లనడగండి" అన్నాను. ముగ్గుర్నీ బడిపిల్లల్లా వరసగా నిలబెట్టాను. వెనకాల ఊళ్లో గాలం పట్టేవాళ్లంతా గుమిగూడారు. నా కొంప నేనే ముంచుకుంటున్నానని నాకు తట్టలేదు. ఒక్కొక్కర్నీ పక్కకు పిలిచి అడిగించి ఉంటే ఆ మర్యాదతో పని ఉండేది కాదు.

"భయపడకండి. ఈ చెరువులో పండుగప్ప పడుతోందాండీ?" అని అడిగారు అధికారి గారు.

మునసబు గారు పైపంచె సర్దుకున్నారు. ఒకవైపు అయ్యవారిని చూశారు, ఇంకోవైపు మేస్త్రీని చూశారు.

"ఏం పడలా సార్."

నా చెవుల్ని నేను నమ్మలేదు. అయ్యవారు గొంతు సవరించుకుని, "పడ్డట్టు నేనైతే వినలా సార్" అన్నారు. మేస్త్రీ నోరు తెరిచాడు. వెనకాల తలలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. నా వైపు చూడకుండా, "ఏం పడలా సార్" అన్నాడు.

మా ఫీల్డుమ్యాన్ అన్న మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఏడుస్తున్నాడనుకున్నాను గానీ నవ్వుతున్నాడు. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. వాళ్ల మీద కోపం కాదు. వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తోంది, ముగ్గురూ లోపల కుమిలిపోతున్నారు, అయినా ఒకరి ముందు ఒకరికి ఆ మాట పెగలడం లేదు.

అధికారి గారు కారు వైపు తిరగబోయి ఆగారు. మేస్త్రీ కాళ్ల దగ్గర గడ్డిలో ఒక గాలం పడి ఉంది. వంగి తీసి, వెలుగులో పెట్టి చూశారు. నా చూపుడు వేలంత ఉంటుంది.

"ఇది దేనికండీ?"

"ఊరకనే చేసినా సార్. గొడుగు ఇరిగిపోతే."

"ఈ వెదురు గెడ?"

"నడిచేటప్పుడు ఊతానికి సార్."

"ఆ చట్టిలో బతికున్న చేపపిల్ల?"

మేస్త్రీ చట్టిలోకి తొంగి చూశాడు. "పెంచుకుంటుండా సార్" అన్నాడు.

అధికారి గారు నవ్వలేదు. బూట్లు విప్పారు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు, ఆ గెడా గాలమూ చట్టీ తీసుకుని పోయి తూము రాళ్ల మీద కూచున్నారు. గుత్తదారు ఇదేదో దొరల సరదా అనుకుని, కారు నీడన కూచుని టిఫిన్ క్యారియర్ విప్పుకున్నాడు.

ఎండ ఎక్కింది. ఏమీ కదల్లేదు. గట్టు మీద అంతమంది ఉన్నా దగ్గు కూడా వినబడలేదు. అధికారి గారు వాచీ చూసుకున్నారు, దారం చుట్టడం మొదలుపెట్టారు. అప్పుడు మేస్త్రీ గొంతు వినబడింది.

"ఆడ కాదు సార్. ఎడం పక్కన పగిలిన రాయుండాది గదా, దాని నీడలో ఎయ్యండి. లోతుకి ఇడవబాకండి."

ఇన్నేళ్లుగా భార్యకు కూడా చెప్పని చోటు అది. ఊరు ఊరంతా వింటుండగా చెప్పేశాడు. చెప్పి, నాలుక కరుచుకుని, తల దించుకున్నాడు. మునసబు గారు గబుక్కున పొలాల వైపు తిరిగి నిలబడ్డారు. అయ్యవారు ఆకాశం చూశారు. వెనకాల ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే మొహాలు పక్కకు తిప్పుకున్నారు. మేం వినలేదు అని ఆయనకు తెలియజేయడం అన్నమాట. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తున్నాయి.

పగిలిన రాయి నీడలో గాలం పడిన కాసేపటికే గెడ విల్లులా వంగింది. అధికారి గారు అదాటున లేచి నిలబడ్డారు. నీళ్లు పగిలి, వెండి రంగు చేప ఒకటి నిలువునా పైకి లేచింది. నా నడుం దాకా వచ్చేంత చేప. గాల్లో తల అటూ ఇటూ విదిలించింది. దారం పుటుక్కున తెగింది. గట్టు మొత్తం "హా!" అంది. నీళ్లు మూసుకున్నాయి.

గుత్తదారు ఎంగిలి చేత్తో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది సార్? ఏమన్నా పడిందా?"

అధికారి గారి వేలు దారం కోసుకుని నెత్తురు కారుతోంది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నారు. నీళ్ల వైపు చూశారు, మేస్త్రీ వైపు చూశారు, మొహం వీలైనంత దిగాలుగా పెట్టారు.

"ఏం పడలా" అన్నారు, మా నెల్లూరు మాటలోనే.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో అధికారి గారు తెగిన వేలికి రుమాలు చుట్టుకున్నారు. తర్వాత, "వచ్చే కార్తీకానికి పిల్లల్ని తెప్పించండి. గుత్తదారు గారికి బొచ్చె పిల్లలు ఇంకాస్త ఎక్కువ పోయండి, పాపం ఆయన నష్టపోకూడదు" అన్నారు.

"ఇక ఏటా తేవచ్చా సార్?"

"అట్లా ఎలా చెబుతామండీ? ఒక్క ఏడాదికే. వచ్చే ఏడు మళ్లీ తనిఖీ చేసి చూడాలి." కిటికీలోంచి బయటకు చూస్తూ, "ఆ తనిఖీ నేనే చేస్తాను" అన్నారు.

అట్లా ఆ పని ఏడాదికి ఏడాదిగా బతికింది. ప్రతి ఏటా ఇదే ఆఖరు అనుకునేవాళ్లం. ప్రతి ఏటా ఆయన వచ్చేవారు, తూము దగ్గర రోజంతా తనిఖీ చేసేవారు. ఒక ఏడు ఆయన కారు డిక్కీలో తడి గోతాం ఉందని మా అన్న చెప్పాడు. నేను చూడలేదు.

తర్వాత ఆయన రిటైరయ్యారు. బొచ్చెకూ శీలావతికీ సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతి మా దాకా వచ్చింది. పిల్లలు కావలసినన్ని ఆఫీసు తొట్లలోనే దొరుకుతుంటే బురదలో దిగి గోరంత పిల్లల కోసం దేవులాడే పని ఎవరికి కావాలి? పండుగప్పల్ని ఆపమని ఎవరూ అనలేదు. తెమ్మని కూడా ఎవరూ అనలేదు. ఒక కార్తీకం అట్లా దాటిపోయింది, ఇంకొకటీ దాటింది. అన్నను కావలి ఆఫీసుకు బదిలీ చేశారు. మా కుండలు స్టోరు గదిలో ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉండేవి. వాటి పక్కనుంచి నడవడం నాకు ఇష్టముండేది కాదు.

అరవైలు అయిపోతుండగా, వేరే పని మీద నాయుడుపేట పోతూ ఉండబట్టలేక ఆ ఊరి దగ్గర బస్సు దిగాను. గట్టున మునసబు గారూ అయ్యవారూ కూచుని ఉన్నారు. నన్ను చూసి ఎంతో ఆప్యాయంగా లేచారు. కూచోబెట్టి మొదలుపెట్టారు.

"సారూ, ఆ యేడు నాకు పడింది చూడండి, ఇంత ఉండింది!" అని మునసబు గారు రెండు చేతులూ చాపారు. "తూముకి కుడి పక్కన, తుమ్మ మోడు కింద."

"దానికంటే పెద్దది నాది," అన్నారు అయ్యవారు. "ఉత్తరం గట్టున, రెండో మెలిక దగ్గిర. రొయ్యతో పట్టినా."

ఏ చోటు, ఏ ఎర, ఏ ఏడు, అన్నీ చెప్పారు. గట్టిగా, అందరూ వినేట్టు చెప్పారు. వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వాను గానీ, లోపల లెక్క వేసుకున్నాను. ఈ ఊళ్లో వీళ్లు నోళ్లు విప్పారంటే ఇక దాచుకోవడానికేమీ మిగల్లేదన్నమాట. చెరువు వైపు చూడబుద్ధి కాలేదు.

సెలవు తీసుకుని, రోడ్డుకు అడ్డదారి అని దొడ్డిదారిన నడిచాను. కంచె మలుపులో మేస్త్రీ ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది, లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. నన్ను చూసి గతుక్కుమని ఆగాడు.

"ఏమన్నా పడిందా మేస్త్రీ?" అన్నాను.

ఆయన మొహం దిగాలుగా పెట్టాడు. అంత దిగాలు మొహం ఆయనకు నేనెప్పుడూ చూడలేదు.

"ఏం పడలా సార్."

ఆయన చంకలో తడి గోతాం టపటపమని కొట్టుకుంది. ఇద్దరం వినలేదు.